దుమ్ము లేని లెక్క

కావలి తీరంలో కాలనౌక బయలుదేరే రోజు దగ్గరపడింది. పదో తరగతి పిల్లలు బెంచీల మీద నిలవడం లేదు. కిటికీలోంచి చూస్తే సరుగుడు తోటల పైన నౌక వెండి ముక్కు కనబడుతోంది. భౌతికశాస్త్రం చెప్పే వకుళ టీచర్ వాళ్ళను గదమాయించి కూర్చోబెట్టింది.

“అది ముందుకు మాత్రమే పోతుంది. గతంలోకి పోయే దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు,” అంది. “కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. కాలవ్యాకోచం, టైమ్ డైలేషన్ అంటే అదే. నౌక ఓ నక్షత్రాన్ని చుట్టి వచ్చేసరికి మనకు ముప్ఫై ఏళ్ళు గడుస్తాయి. లోపలున్నవాళ్ళకు ఒక్క ఏడాది.”

“అంటే మేం మా అమ్మల వయసుకొచ్చినా వాళ్ళు ఇట్టనే ఉంటారా టీచర్?”

“లెక్క ప్రకారం అంతే. కానీ లెక్క కోసం కట్టుకున్న ఏ మోడలూ లోకాన్ని ఉన్నదున్నట్టు చూపదు. ఏదో ఒకటి వదిలేస్తుంది. ఈ నౌక మోడల్ ఏం వదిలేసిందో వెతికి తీసుకురండి. అదే మీ హోంవర్క్.”

నౌక ఎక్కబోయే అరవై మందిలో పృథ్వీధర్ ఒకడు. రెండేళ్ళ కిందట తాగిన మైకంలో, తన ఎగిరే కారు ఆటోపైలట్ ఆపేసి, బజారు మీదుగా కిందికి దించి నడిపాడు. సైకిల్ మీద బడికి వస్తున్న కిన్నెర ఆ కారు కింద పడి అక్కడికక్కడే పోయింది. కిన్నెర, భర్త పోయిన వకుళకు ఒక్కతే కూతురు. సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. కేసు వాయిదా మీద వాయిదా పడింది. ముప్ఫై ఏళ్ళలో తేలని కేసు మూసేయాలని అప్పటి చట్టం. బెయిలు మీదున్నవాడు కాలనౌక ఎక్కకూడదని మాత్రం అందులో ఎక్కడా రాసి లేదు. ముప్ఫై ఏళ్ళవాడు నౌకలోకి వెళ్ళి, ముప్ఫై ఒకటికి నిర్దోషిగా బయటికొస్తాడు. టీవీలో నవ్వుతూ అన్నాడు కూడా: “అప్పటికి జనం అన్నీ మరిచిపోయి ఉంటారు.”

మర్నాడు రిజ్వానా అనే పిల్ల లెక్క వేసిన పలక టీచర్ ముందు పెట్టింది.

“టీచర్, ఈ మోడల్లో దుమ్ము ఏదీ? అంతరిక్షం ఖాళీ అనుకున్నారు. అంత వేగంలో ఒక్కో రేణువూ తూటా అవుద్ది గదా. నౌక తనను కాపాడుకోవాలంటే వేగం తగ్గించుకోవాల. తగ్గితే లోపలి గడియారం అంత నెమ్మదిగా నడవదు.”

వకుళ లెక్క చూసింది. మళ్ళీ చూసింది. ఎక్కడా తప్పు లేదు. భూమి మీద ముప్ఫై అయిదేళ్ళు, నౌకలో పద్దెనిమిది. ఏడాదిలో తిరిగొద్దామనుకున్నవాడు నడివయసు వచ్చేదాకా ఆ డబ్బాలో మగ్గుతాడు. కోర్టు వేయలేని శిక్ష తన బల్ల మీదికి నడిచొచ్చింది.

“అరవై మంది ఉండారు టీచర్. కంపెనీవాళ్ళకు ఒక మాట చెప్పమా?”

గాలి, తిండి లోపలే తయారవుతాయి, ఎవరూ చావరు అని వకుళ తనకు తాను చెప్పుకుంది. పలక వెనక్కి తోసింది.

“నీ లెక్క తప్పు. మహామహులు చూసిన మోడల్ అది. ఇలాంటివి బయట చెప్పి నవ్వులపాలు కాకు.”

రిజ్వానా ముఖం కందిపోయింది. పలక తీసుకుని వెళ్ళిపోయింది. పై ఏడు ఆ పిల్ల సైన్సు వదిలేసి కామర్స్‌లో చేరింది.

నౌక లేచిన రోజు రేవు ఒడ్డున నిలబడి వకుళ రెండేళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత ఏటేటా వాడి ముఖాన్ని ఊహించుకుంది. జుట్టు నెరుస్తోంది. దవడలు జారుతున్నాయి. తలుపు బాదుతున్నాడు. ఆ ఊహే ఆమెకు అన్నం. మరో పెళ్ళి, మరో ఊరు, మరో సంతోషం ఏదీ ఆమె ఇంట అడుగుపెట్టలేదు.

ముప్ఫయ్యో ఏడు నౌక రాలేదు. దుమ్మును లెక్కలోకి తీసుకోలేదని కంపెనీ ఒప్పుకుంది. ఆ సాయంత్రం రొయ్యల చెరువుల యజమానురాలైన రిజ్వానా వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నా లెక్క తప్పు కాదు గదా టీచర్?”

వకుళ తల తిప్పుకుని వాకిట్లో దీపం పెట్టింది. రిజ్వానా వెళ్ళిపోయింది. అయినా అయిదేళ్ళకు నౌక దిగే రోజున తనే కారు తెచ్చింది. “పదండి. ఆయన ముఖం చూడాలని గదా ఇన్నాళ్ళు బతికింది.”

తలుపులు తెరుచుకున్నాయి. నెరిసిన జుట్టుతో, వంగిన భుజాలతో పృథ్వీధర్ దిగాడు. పక్కన నౌకలోనే పుట్టిన పదిహేనేళ్ళ పిల్ల. ఆకాశాన్ని చూసి భయపడి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వకుళను చూడగానే అతను ఆగిపోయాడు.

“కిన్నెర వాళ్ళమ్మగారు,” అన్నాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “ఏడాదికే వచ్చుంటే సిగ్గు లేకుండా తిరిగేవాణ్ణి. ఇది పుట్టాకే తెలిసింది నేను ఏం చేశానో. కేసు మూసేసినా సరే, మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.”

వకుళ కళ్ళార్పకుండా ఆ నెత్తిని చూసింది. గెలిచింది. ఒళ్ళంతా తీయగా అయింది.

అప్పుడు ఆ పిల్ల మాట్లాడింది.

“మా అమ్మ లోపలే చచ్చిపోయింది. మందులు ఏడాదికే తెచ్చుకుంది. నాకు పదేళ్ళప్పుడు జబ్బు తిరగబెట్టింది, మందుల్లేక మూడేళ్ళు నొప్పితో అరిచింది.” తండ్రి చెయ్యి వదిలేసింది. “మీరు ఈ ఊరివాళ్ళేగా. లెక్క తప్పని ముందే ఎవరికైనా తెలుసా? తెలిసీ చెప్పనివాళ్ళు ఉంటే పేరు చెప్పండి. నేను వాళ్ళను వదలను.”

“ఊరుకోమ్మా,” అన్నాడు తండ్రి.

ఆ పిల్ల ఊరుకోలేదు. వకుళ కళ్ళలోకే చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో వకుళకు తెలుసు. అది ఎన్నేళ్ళయినా ఆరదని కూడా తెలుసు.

“ఎవరికీ తెలియదమ్మా,” అంది వకుళ. గబగబా వెనక్కి తిరిగి రిజ్వానా చెయ్యి పట్టుకుంది. “పద, ఇంటికి పోదాం. తొందరగా పద.”

రిజ్వానా ఆ చెయ్యిని మెల్లగా విడిపించుకుంది.

“కారు మీరు తీసుకుపోండి టీచర్,” అంది. “పాప అడిగింది గదా. చెప్పి వస్తాను.”