నేను పడను

2091 నాటికి పాత ఫోటోలు మూగవి కావు. ఇంటింటా తాతముత్తాతల పెళ్లి ఫోటోలు మాట్లాడుతున్నాయి. వాటిలో చాలామంది భోజనాలెప్పుడని అడుగుతున్నారు.

ఇది మాటపట్టు యంత్రం చలవ. కెమెరా షట్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో యాభయ్యో వంతే అయినా, ఆలోపే పెదవి వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలిక నెగెటివ్ మీది వెండి రేణువుల్లో సన్నని మసకగా మిగులుతుంది. వరుస ఫ్రేముల్లోని మసకనూ, గొంతు నరాల బిగువునూ కలిపి లెక్కగడితే మాట దొరుకుతుంది.

పసిఫిక్‌లోని ఒక దీవిలో, యుద్ధకాలపు ఫోటోలు దాచిన గుట్టమీది గదిలో, దాలినాయుడు నాలుగేళ్లుగా ఒక్కడే ఈ పని చేస్తున్నాడు. నెలకోసారి సరుకుల పడవ వస్తుంది. దాన్ని నడిపేదీ యంత్రమే.

అతని దగ్గర 1945 నాటి ఫోటో ఒకటుంది. జపాన్ సైన్యం చెర నుంచి బయటపడ్డ భారత సైనికులు పన్నెండు మంది, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నవాళ్లు, గుంపుగా నిలబడ్డారు. పదకొండు మంది పేర్లు తెలిశాయి. పన్నెండోవాడి కళ్లను ముందువాడి టోపీ కప్పేసింది. నోరొక్కటే కనిపిస్తుంది. నిరుడు ఆ నోటి మాట దొరికింది: "నేను పడను."

ఆకలికీ చెరకూ లొంగనివాడి మాట అని లోకమంతా చెప్పుకుంది. ఆ దీవిలోనే స్మారకశిల మీద ఆ మాట చెక్కి, కింద 'పేరు తెలియని సైనికుడు' అని రాశారు. వారంలో ఆవిష్కరణ. ఆలోగా ఆ పేరు పట్టుకోవాలని దాలినాయుడి పట్టుదల. అదే రీలులో చిరిగిపోయిన నెగెటివ్ ఒకదాన్ని అతికించి యంత్రానికిచ్చాడు.

"ముందు ఇంకో మాట ఉంది. 'జరుగు బావా'," అంది యంత్రం. "పైగా 'నేను' అనేచోట 'నాను' అని ఉంది. దోషమనుకుని నిరుడు నేనే దిద్దాను."

"దోషం కాదే తల్లీ. మా విజయనగరం పక్క అలాగే అంటారు."

జరుగు బావా, నాను పడను. దాలినాయుడు ఆ మాట తన నోట అనుకుని చూశాడు. ముందువాడు జరగకపోతే ఫోటోలో పడనని అంటున్నాడు! పుస్తకాల తెలుగు నేర్చిన యంత్రానికి పడటమంటే కూలిపోవడమే. నాలుగేళ్లలో మొదటిసారి పైకి నవ్వాడు. తర్వాత టోపీవాడి నోరు చదవమన్నాడు.

యంత్రం చదివింది: "నివ్వు పడితేటి, పడకపోతేటి? దీన్నెవులు సూత్తార్రా, లెంక పైడన్నా?"

పన్నెండోవాడి ఇంటిపేరు లెంక, పేరు పైడన్న. దాలినాయుడు వెంటనే స్మారక సంఘం అధ్యక్షురాలు డాక్టర్ వకుళకు ఫోన్ చేశాడు. విని ఆమె పకపకా నవ్వింది.

"అయ్యో నాయుడుగారూ, అదా సంగతి! ఉండనివ్వండి. ఆ మాట చదివి జనం కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు."

"పోనీ, పేరైనా చెక్కించండమ్మా."

"ఎలా తెలిసిందని అడగరూ? అప్పుడు ఆ మాట అసలు అర్థమూ బయటపడుతుంది. పేరు లేనంతకాలం అతను అందరివాడు. పేరు పెడితే ఎవరో ఒక పైడన్న అయిపోతాడు."

"ఆయన పైడన్నేనమ్మా."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆవిష్కరణకు రెండు ఓడల జనం వచ్చారు. అందులో విజయనగరం వైపు వాళ్లూ ఉన్నారు. ఆ యాస చెవిన పడగానే దాలినాయుడు లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి రాయి ముందు నిలబడ్డాడు.

"ఈయన పేరు..." అన్నాడు.

ఎదురుగా ఒకావిడ కెమెరా ఎత్తి పట్టుకుంది. "తరవాత సెప్దువు గాని బాబూ. నివ్వు అడ్డుంటే మావోళ్లు పడరు."

ఆవిడ వాళ్లు పదిహేను మంది, ఒకరినొకరు తోసుకుంటూ రాయి చుట్టూ చేరుతున్నారు.

దాలినాయుడు జరిగాడు.