ఇంకా దిగని విమానం

మా ఆయన లారీల మెకానిక్. వారమంతా ఇంజన్లతో కుస్తీ పట్టింది చాలక, సెలవు రోజు కూడా ఇంజన్లే చూపిస్తానని మమ్మల్ని యుద్ధ విమానాల మ్యూజియానికి తీసుకెళ్ళాడు. "సంబడం! ఇంట్లో నూనె కంపు చాలదనా?" అని సణుగుతూనే మా అత్తయ్య అందరికంటే ముందు చెప్పులేసుకుంది. మా ఆరేళ్ళ పిల్ల ఆవిడ కొంగు వదలదు. కాలు ఒక్కచోట నిలవదని దాన్ని పిచ్చుక అంటాం.

మధ్యాహ్నం. బయట ఎండ మాడ్చేస్తోంది. షెడ్డులో జనం పల్చగా ఉన్నారు. చివర, సైనికుల్ని మోసుకెళ్ళే పెద్ద విమానం ఒకటి నిలబెట్టి ఉంది. తోక వైపు నుంచి లోపలికి ఎక్కొచ్చు.

"ఇంజన్లు తీసేశారు, ఇది ఒట్టి డొల్ల," అన్నాడు తలుపు దగ్గరున్న గార్డు. "దీనితో పాటు బయల్దేరిన విమానం మాత్రం సైనికులతో సహా సముద్రం మీద మాయమైపోయింది. ముక్క కూడా దొరకలేదు."

లోపల గుహలా ఉంది. గోడల వెంట వరసగా గుడ్డ సీట్లు, వేలాడుతున్న బెల్టులు. పాత గ్రీజు వాసన, దాని వెనకాల తడిసిన గోనెసంచి వాసన. పైన ఒకే ఒక్క బల్బు. మాట్లాడితే మన గొంతే కాస్త ఆలస్యంగా మనకి వినబడుతోంది.

పిచ్చుక ఒక సీటెక్కి కాళ్ళూపింది. "నానమ్మా, బెల్టు పెట్టు!"

అత్తయ్య పెట్టింది. టక్.

బల్బు ఆరిపోయింది.

రెప్పపాటే. మళ్ళీ వెలిగింది. సీట్లో బెల్టు పెట్టినది పెట్టినట్టే ఉంది.

పిల్ల లేదు.

"దాక్కుందిలే దొంగముండ," అని నవ్వాడు మా ఆయన. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సీట్ల కింద లేదు. గార్డు తలుపు దగ్గర నుంచి కదల్లేదు, అతన్ని దాటి ఎవరూ దిగలేదు. పైలట్ గది తలుపుకి తాళం. మా ఆయన మూల పడున్న ఇనపకడ్డీతో దాన్ని బద్దలు కొట్టాడు. లోపల రెండు సీట్లు, దుమ్ము, మీటర్లు పీకేసిన కన్నాలు. అంతే.

అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆయన నేల మీది రేకుని గోళ్ళతో పీకుతున్నాడు. వేళ్ళ నుంచి నెత్తురు కారుతున్నా ఆపలేదు.

అప్పుడు... గరగర.

గోడకి తగిలించిన హెడ్‌ఫోన్లలోంచి.

"అమ్మా..."

లాక్కుని చెవికి పెట్టుకున్నాను. "పిచ్చుకా! ఎక్కడున్నావే?"

"పైన... కింద అంతా నీళ్ళే అమ్మా. ఇక్కడ అందరూ మామయ్యలే. ఎవరూ మాట్లాడట్లేదు..."

మా ఆయన హెడ్‌ఫోన్ల వైరు చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్ళాడు. అది తెగి ఉంది. దేనికీ తగిలించి లేదు.

"దింపమని వాళ్ళని అడుగమ్మా... నా బంగారు తల్లివి కదూ..." అని బతిమాలాను.

గరగర. ఈసారి మగగొంతు, అందరికీ వినబడేంత గట్టిగా. బాగా అలిసిపోయిన గొంతు.

"వీల్లేదమ్మా. ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి. నేల కనబడేదాకా... ఎవరి సీటూ ఖాళీగా ఉండకూడదు."

"నన్ను తీసుకో బాబూ! నీ కాళ్ళు పట్టుకుంటాను... పసిదాన్ని వదిలెయ్!"

హెడ్‌ఫోన్లు విసిరేసి ఆ సీటు వైపు పరిగెత్తాను. ఆయనా పరిగెత్తాడు. ఇద్దరం ఒకర్నొకరు వెనక్కి లాగుతున్నాం... నేనంటే నేనని.

అప్పటికే అత్తయ్య అందులో కూర్చుని ఉంది.

"లే అమ్మా!" ఆయన ఆవిడ భుజాలు పట్టుకున్నాడు.

"పిల్లకి మీరిద్దరూ కావాలిరా," అంది నెమ్మదిగా. "వదులు."

టక్.

బల్బు ఆరిపోయింది. ఈసారి చాలాసేపు వెలగలేదు. చీకట్లో నా కాళ్ళకి ఏదో చల్లగా తగిలింది.

వెలుగు వచ్చేసరికి పిచ్చుక నా పాదాల మీద పడి ఉంది. తలనుంచి నీళ్ళు కారుతున్నాయి. వణుకుతోంది. బతికే ఉంది.

అత్తయ్యా సీట్లోనే ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. తనే బెల్టు తీసుకుని లేచింది. "పదండి," అంది. ఆవిణ్ణి కావిలించుకుని భోరుమన్నాను. అందరం ఉన్నాం. అందరం ఉన్నాం కదా, అదే చాలనుకున్నాను.

తిరుగు బస్సులో ఆయన తన చొక్కా విప్పి పిల్లకి చుట్టాడు. అత్తయ్య నా పక్కన, కిటికీ దగ్గర కూర్చుంది. పిల్ల కోసం చెయ్యి చాపింది. పిచ్చుక వెళ్ళలేదు. నా మెడలో మొహం దాచుకుంది.

"అమ్మా," అంది గుసగుసగా, "నానమ్మ ఎప్పుడు దిగుతుంది?"

"ఇదిగో... పక్కనే ఉందిగా."

"కాదు. నానమ్మ అక్కడే ఉంది. నేనొచ్చేటప్పుడు చెయ్యి ఊపింది."

మెల్లగా తల తిప్పాను.

బస్సు నిండా జనం చెమటలు తుడుచుకుంటున్నారు. ఆవిడ బయటికి చూస్తోంది. ఆకాశం వైపు. ఆవిడ ఊపిరి తగిలిన చోట కిటికీ అద్దం మీద... మంచు పేరుకుంటోంది.