బాలశౌరి మాస్టారి లాంచీ షికారు

తిరువూరు హైస్కూల్లో బాలశౌరి డ్రిల్లు మాస్టారు. సెలవు రోజుల్లో కూడా తెల్లవారగానే పెరట్లో నిలబడి విజిల్ ఊదడం ఆయనకు అలవాటు. ఆ విజిల్‌కి ఇంట్లోవాళ్లు లేస్తారు, పక్కింటి వెంకటప్పయ్య లేస్తాడు, వెంకటప్పయ్య గేదె కూడా లేస్తుంది. గేదె తప్ప మిగతావాళ్లంతా కాసేపు విసుక్కుంటారు.

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు కూడా విజిల్ మోగింది. ఆయన భార్య అంతోనమ్మ పొయ్యి ముందు కూర్చుని దారిలోకి పులిహోర కలుపుతోంది. కొడుకు రాయప్ప ఏలూరు కరెంటాఫీసులో గుమాస్తా. కడుపునిండా నిద్రపోదామని సెలవు పెట్టుకుని వచ్చినవాడు, దుప్పటి మొహం మీదకి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. కూతురు సామ్రాజ్యం మాత్రం అప్పటికే స్నానం, ప్రార్థన ముగించుకుని, మరియమాత పటం ముందు చాప మీద ఊరికే కూర్చుని ఉంది.

“ఏం చేస్తున్నావమ్మా?” అన్నాడు బాలశౌరి గుమ్మంలోంచి.

“ఏం లేదు నాన్నా. కూర్చున్నాను.”

“కూర్చోడం కూడా ఒక పనేనా? లే, లే. గోదావరి మీద షికారుకి వెళ్తున్నాం. మీ అన్నయ్య మీద నీళ్లు చల్లు. బస్సు మన కోసం ఆగదు.”

ఆ షికారు వెనక ఒక సంగతి ఉంది. టీచర్ ట్రైనింగ్ పూర్తయిన సామ్రాజ్యానికి సంబంధాలు చూస్తుంటే, ఆ పిల్ల నెమ్మదిగా, వంచిన తల ఎత్తకుండా, తను కన్యాస్త్రీల మఠంలో చేరతానంది. బాలశౌరి నెత్తిన పిడుగు పడింది. అరిచాడు, అలిగాడు, అన్నం మానేశాడు. అన్నం మానేసినప్పుడు ఆకలి భరించలేక మళ్లీ తానే తిన్నాడు. పిల్ల మాత్రం మాట మార్చలేదు.

గుంటూరు వైపున్న ఆ మఠానికి పెద్దయిన మదర్ కూడా తొందరపడే మనిషి కాదు. “దసరాకి ఇంటికెళ్లు. మీవాళ్లతో హాయిగా గడుపు. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే, క్రిస్మస్ వెళ్లాక మీ నాన్నగారే నిన్ను తీసుకొచ్చి అప్పగించాలి. కన్నవాళ్లు మనస్ఫూర్తిగా పంపితేనే నిన్ను తీసుకుంటాం” అని చెప్పి పంపింది. తండ్రి వచ్చి మఠం గడప దగ్గర కూతురి చెయ్యి మదర్ చేతిలో పెట్టడం వాళ్లలో ఆచారం. బాలశౌరి ఆ మాట వింటూనే, “మీ అమ్మని తీసుకుపో. నేను మాత్రం ఆ గడప దగ్గరికి రాను” అనేశాడు.

అయితే మదర్ చెప్పినదాంట్లో ఒక్క మాట ఆయన గట్టిగా పట్టుకున్నాడు. హాయిగా గడపడం. పిల్లకి ఆ హాయి ఏమిటో రుచి చూపిస్తే, ఆటల్లో పాటల్లో ముంచి తేలిస్తే, మఠం సంగతి తనే మరిచిపోతుందని ఆయన నమ్మకం. స్పోర్ట్స్ డేకి పిల్లల్ని తయారుచేసినట్టే ఈ సెలవులకీ పథకం వేశాడు. హాయిని కూడా వరసలో నిలబెట్టి నడిపించవచ్చనుకున్నాడు పాపం.

భద్రాచలం బస్సులో అంత్యాక్షరి పెట్టాడు. కిన్నెరసాని చూపించాలని ఎర్రటి ఎండలో నడిపించాడు. కూనవరంలో తన పాత స్నేహితుడు ఏసోబు మాస్టారింట్లో రాత్రి బస అయితే, చీకటితోనే అందర్నీ లేపి ఏటి ఒడ్డున కసరత్తులు చేయించాడు. ఏసోబు గారి పిల్లలు సంబరపడ్డారు. రాయప్పకి నిలబడే కునుకు పట్టింది. సామ్రాజ్యం అన్నిటికీ “సరే నాన్నా” అంది గాని, ఆ పిల్ల కళ్ల కింద నల్లటి చారలు పడడం అంతోనమ్మ చూసింది.

ఆ పొద్దున్నే కూనవరం రేవులో రాజమండ్రి లాంచీ ఎక్కారు. కింద ఇంజనూ, చింతపండు బుట్టలూ, కోళ్ల గంపలూ. మీద బల్లలు. వర్షాలు వెనకపట్టి గోదావరి నిండుగా, మట్టిరంగు వదిలి తేరుకుంటోంది. లాంచీ కదిలీ కదలకముందే బాలశౌరి బల్లల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాడు.

“అందరూ ఇటు చూడండి! కుడివైపువాళ్లు ఒక జట్టు, ఎడమవైపువాళ్లు ఒక జట్టు. పాటల పోటీ! సామ్రాజ్యం, నువ్వు కుడి జట్టుకి నాయకురాలివి.”

ప్రయాణికులకి ఇంతకంటే ఏం కావాలి? పెళ్లికి వెళ్లే బృందం ఒకటి గొంతు సవరించుకుంది. పొగాకు వ్యాపారి బసవపున్నయ్య తలపాగా తీసి పక్కన పెట్టి పద్యం అందుకున్నాడు. పాటలయ్యాక పొడుపు కథలు, పొడుపు కథలయ్యాక చేతిరుమాలు ఆట. జనం ఒక పక్కకి ఉరికేసరికి కిందనుంచి లాంచీ నడిపే సరంగు కేకేశాడు.

“మాస్టారూ! అందరూ ఒకేపక్కకి రామాకండయ్యా, లాంచీ ఒరుగుద్ది!”

లాంచీ అంతా నవ్వులే. ఆ నవ్వుల్లో మాస్టారి కుటుంబం మాత్రం లేదు. రాయప్ప ఎప్పుడో కిందకి జారుకుని చింతపండు బుట్టల మధ్య గుర్రు పెడుతున్నాడు. అంతోనమ్మ నీడ చూసుకుని స్తంభానికి చేరగిలబడింది. సామ్రాజ్యం లాంచీ ముందు కొసన, తాళ్ల చుట్ట పక్కన కూర్చుని నీళ్లని చూస్తోంది. బాలశౌరి చేతిరుమాలు పట్టుకుని అటు నడిచాడు.

“ఏంటమ్మా ఇక్కడ కూర్చున్నావు? నీ జట్టు ఓడిపోతోంది.”

“కాసేపు కూర్చోనీ నాన్నా.”

“కూర్చోడానికా ఇంతదూరం వచ్చింది? ఇంట్లో అరుగు లేదా?”

“ఇంట్లో కూర్చోనిచ్చారా ఏనాడన్నా?” అంది వెనకనుంచి అంతోనమ్మ. ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో ఆయన చూసుకోలేదు.

“నువ్వు ఉండవే. పిల్ల సరదాగా ఉండాలని నేను...”

“సరదా అంటే అదేనా? దాని మొహం చూశారా ఒక్కసారి? బయల్దేరిన దగ్గర్నుంచీ కంటినిండా నిద్ర లేదు దానికి. క్రిస్మస్ దాటితే మనింట్లో ఉంటదో ఉండదో తెలీదు. పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వి, రెండు మాటలు చెప్పుకుందామనుకున్నా. మీ ఈలలతో, మీ పందేలతో నాకు అది చేతికి చిక్కిందా? బిడ్డ నాకూ బిడ్డేనండీ!”

అంతోనమ్మ పమిట కళ్లకి అద్దుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ పదిమందిలో గొంతు పెంచడం అదే మొదలు. అటు బల్లల మీద పాట ఆగిపోయింది. బసవపున్నయ్య తలపాగా మళ్లీ పెట్టేసుకుని ఎటో చూస్తున్నాడు.

బాలశౌరికి మొహం చెల్లలేదు. చెల్లనప్పుడు ఎవరైనా చేసే పనే ఆయనా చేశాడు, ఇంకొంచెం గట్టిగా అరిచాడు.

“మఠంలోకి పోతే ఈ గోదావరి దీనికి ఎవరు చూపిస్తారే? అందుకే కదా నా తాపత్రయం!”

“గోదావరి ఎక్కడ చూశాం నాన్నా?” అంది సామ్రాజ్యం. కోపం లేదు ఆ గొంతులో. “నువ్వు చూశావా? పొద్దుట్నుంచీ నువ్వు నీళ్లకి వీపు పెట్టే నిలబడ్డావు.”

నిజమే. జనం వైపు తిరిగి చేతులూపడంతోనే సరిపోయింది. కూనవరం నుంచి ఇక్కడిదాకా వచ్చిన ఏరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. తాళ్ల చుట్ట మీద కూతురి పక్కన చతికిలబడ్డాడు. అంతోనమ్మ మళ్లీ స్తంభం నీడలోకి వెళ్లిపోయింది.

ఒడ్డున ఎవరో బట్టలుతుకుతున్నారు. బాలశౌరికి నెలల తరబడి గొంతులో అడ్డుపడి ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది.

“నిజం చెప్పమ్మా. నా గోల భరించలేకేనా నువ్వు వెళ్తానంటున్నావు?”

సామ్రాజ్యం వెంటనే కాదనలేదు.

“మొదట్లో కొంచెం అదీ ఉంది నాన్నా. అబద్ధం ఎందుకు? ట్రైనింగ్‌లో ఉండగా ఆ మఠం గుడిలోకి వెళ్లి కూర్చుంటే ఎవరూ లెమ్మనేవాళ్లు కాదు. దాని కోసమే వెళ్లేదాన్ని. తర్వాత తర్వాత అది కాదు. అక్కడ కూర్చుంటే నన్నెవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది. ఇంటికొచ్చాకా, ఇంత గోలలోనూ, ఆ పిలుపు ఆగలేదు. అప్పుడు తెలిసింది, అది నీ నుంచి పారిపోవడం కాదని.”

“అక్కడ ఏం చేస్తావు పొద్దస్తమానం?”

“అన్నిటికీ గంట కొడతారంట. లేవడానికి గంట, ప్రార్థనకి గంట, అన్నానికి గంట.”

“మరి నా విజిల్ ఏం పాపం చేసిందే?” అన్నాడు బాలశౌరి. అంత బాధలోనూ ఆయనకి రోషం వచ్చింది.

సామ్రాజ్యం నవ్వింది. ఈ ప్రయాణంలో ఆ పిల్ల మనసారా నవ్వడం ఇదే మొదటిసారి. “గంట కొట్టాక అక్కడ ఎవరూ మాట్లాడరు నాన్నా” అంది. నవ్వు ఆగాక ఆవలించింది. ఇంకేదో చెప్పబోతూ, ఆ మాట పూర్తికాకుండానే తండ్రి భుజం మీదకి ఒరిగి నిద్రపోయింది.

బాలశౌరి బిగుసుకుపోయాడు. పిల్ల చిన్నప్పుడు నెమలి అనే ఊళ్లో తిరునాళ్లకి ఎత్తుకెళ్తే ఇలాగే భుజం మీద నిద్రపోయేది. మళ్లీ ఎన్నడూ అలా పడుకోలేదు. ఆయన పడుకోనిచ్చిందీ లేదు.

లాంచీ పేరంటాలపల్లి రేవులో ఆగింది. కొండ మీద సెలయేరు ఉంది, గుడి ఉంది. అక్కడ మెట్ల పందెం పెట్టాలని ఆయన తిరువూరులోనే అనుకున్నాడు. ప్రయాణికులంతా దిగుతుంటే బసవపున్నయ్య పిలిచాడు, “రండి మాస్టారూ, మీరు లేకపోతే ఏం బావుంటుంది?”

బాలశౌరి చెయ్యి కదపకుండా తల మాత్రం అడ్డంగా ఊపాడు. అంతోనమ్మ దూరంనుంచి చూసి, తనూ దిగలేదు. దగ్గరికొచ్చి పమిట చెంగు కూతురి మొహం మీద ఎండ తగలకుండా పట్టుకుని నిలబడింది.

“కూర్చోరాదూ” అన్నాడు గుసగుసగా.

ఆవిడ ఆయన్ని కొంచెం వింతగా చూసి, కూతురికి రెండో పక్కన కూర్చుంది. కూర్చుని, ఆ పిల్ల జడ ఒళ్లోకి తీసుకుని వేళ్లతో చిక్కు విడదీయసాగింది.

జనం ఎక్కాక లాంచీ మళ్లీ కదిలింది. కొంత దూరం పోయేసరికి రెండు వైపుల కొండలూ దగ్గరికి రావడం మొదలైంది. నిద్ర లేచిన రాయప్ప పైకి పరుగెత్తుకొచ్చాడు.

“నాన్నా! పాపికొండలు! చెల్లాయిని లేపండి, దీనికోసమే కదా వచ్చింది!”

“ష్” అన్నాడు బాలశౌరి.

లేపాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ పిల్ల మళ్లీ ఇటు రాదు. ఈ కొండలు దానికి ఎవరూ చూపించరు. భుజం కొంచెం కదిపితే చాలు. ఎదురుగా నల్లటి పచ్చటి కొండలు నిటారుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. ఏరు సన్నబడి, చప్పుడు లేకుండా, లోతుగా పోతోంది. నీడ చల్లగా మీద పడింది. బల్లల మీది జనం కూడా నోరు మెదపడం మానేశారు. కూతురి ఊపిరి తన చేతికి తగులుతోంది. ఆయన కదల్లేదు. కొండ తర్వాత కొండని, వంపు తర్వాత వంపుని, వెదురు పొదల్ని, అంచున నిలబడ్డ కొంగని కూడా వదలకుండా శ్రద్ధగా చూశాడు. మధ్యలో కళ్లు మసకబారితే ఖాళీగా ఉన్న చేత్తో తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ పిల్లని ఉంచుకోవడానికి ఇంత దూరం వచ్చి, దక్కిందల్లా ఈ నిద్రేనని ఆయనకి తెలుస్తోంది. ఇదీ తక్కువ కాదనీ తెలుస్తోంది.

కొండలు వెనకబడి ఏరు మళ్లీ వెడల్పయింది. ఎండ మొహాన కొట్టేసరికి సామ్రాజ్యం ఉలిక్కిపడి లేచింది.

“పాపికొండలు వచ్చాయా నాన్నా?”

“వెళ్లిపోయాయమ్మా.”

“అయ్యో! లేపలేదేం?”

“మంచి నిద్రలో ఉన్నావు” అన్నాడు బాలశౌరి. తిమ్మిరెక్కిన చెయ్యి రుద్దుకున్నాడు. “నేను చూసి పెట్టానులే. అంతా చెప్తాను.”

“చెప్పు మరి.”

“ఇప్పుడు కాదు. గుంటూరు బస్సులో చెప్తాను. దారి పొడుగు చాలా ఉంటుంది కదా.”

సామ్రాజ్యానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అంతోనమ్మకి అర్థమైంది. జడ అల్లుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“నువ్వు కూడా వస్తావా నాన్నా? మఠం దాకా?”

బాలశౌరి తల ఊపి, నీళ్ల వైపు తిరిగాడు. సామ్రాజ్యం ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని దాని మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. రాజమండ్రి చేరేదాకా ఆ చెయ్యి ఆయన వెనక్కి తీసుకోలేదు.