మంచిరోజున చేరిన ఉద్యోగం

వెంకటేశప్ప మంచిరోజు చూడనిదే జుట్టు కూడా కత్తిరించుకోడు. బొమ్మనహళ్ళిలో గుండీలూ జిప్పులూ అమ్మే ఆయన దుకాణానికి సరుకు కొనేవాళ్ళకంటే ముహూర్తాలడిగేవాళ్ళే ఎక్కువ వస్తారని భార్య సావిత్రమ్మ ఎగతాళి చేస్తుంటుంది. ఆ ఉదయం మాత్రం ఇంట్లో ఎగతాళికి చోటు లేదు. కూతురు పల్లవి నగరానికి అటు చివరనున్న హూడిలో కొత్త ఉద్యోగంలో చేరడానికి తయారై వచ్చింది. ఆ రోజు మంగళవారం.

"యాడికి?" అన్నాడు వెంకటేశప్ప, కాఫీ లోటా కింద పెట్టి.

"ఈ పొద్దే జాయినింగ్ అని నిన్ననే చెప్పినా కదప్పా."

"మంగళవారం పూట కొత్త పనిలో చేరతారా ఎవురన్నా? రేపు పో. బుధవారం దివ్యంగా ఉండాది."

"డేట్ వాళ్ళిచ్చింది. నేను మార్చేది కాదు."

పల్లవి అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ సగంలో తిరిగొచ్చిన పిల్ల. పరాయి దేశపు విద్యార్థులు అక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఇచ్చిన తేదీకి ముందు పనిలో కాలు పెట్టకూడదు. పల్లవి పెట్టింది. దాంతో ఇంటర్న్‌షిప్పే కాదు, చదువూ పోయింది. ఇంత చిన్న సంగతి చూసుకోలేదా అని వెంకటేశప్ప మండిపడ్డాడు. అప్పట్నుంచీ కూతురితో సరిగా మాట్లాడటమే మానేశాడు. అడిగినవాళ్ళందరికీ "ఒళ్ళు దగ్గర పెట్టుకోని పిల్ల" అనే చెప్పాడు, అదీ ఆమె చెవిన పడేలాగే.

ఇప్పుడూ అదే ఎత్తుకున్నాడు. "పెద్దోళ్ళ మాటంటే లెక్కలేదు నీకు. వినుంటే అక్కడ బతుకు పాడయ్యేదా?"

గుమ్మం దాటబోతున్న పల్లవి ఆగిపోయింది.

"వద్దు పల్లవీ" అంది సావిత్రమ్మ వంటింట్లోంచి. ఆ తల్లికి అంతా తెలుసు.

"ఏంది వద్దు? చెప్పనీ!"

"విన్నందుకే పోయిందప్పా."

"ఏందే?"

"నా పర్మిషన్ ఆషాఢం వచ్చినాక మొదలయ్యేది. ఆషాఢంలో చేరకూడదన్నారు మీరు. అంతకుముందు మంచి శుక్రవారం ఉండాది, ఆ పొద్దు పోయి కుర్చీలో కూచోమన్నారు. కుదరదని చెప్పినా. 'ఒక గంట కూచుంటే ఎవురేమంటారు, నా మనసు కోసం పో' అన్నారు. మేనేజర్‌ని బతిమాలుకొని పోయినా. ఊరికే కూచోబెడతారా? కంప్యూటరిచ్చి పని చెప్పినారు. ఆ పొద్దు పని చేసిన గంటలు జీతం లెక్కలో ఎక్కినాయి. కాలేజీవాళ్ళకు అది చాలింది."

వెంకటేశప్పకు ఆ శుక్రవారం బాగా గుర్తుంది. వీడియో కాల్‌లో కూతురు ఆ కుర్చీలో కూర్చుని కనబడగానే ఫోను పట్టుకుని వీధంతా తిరిగి చూపించాడు. ఎదురుగా ఉన్న గార్మెంట్ యూనిట్ వాళ్ళకు మైసూర్‌పాక్ పంచాడు. తను పెట్టిన ముహూర్తమని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు కూడా. తేదీ చూసుకోక పొరపడ్డానని మాత్రమే పల్లవి చెప్పడంతో, చదువు పోయింది ఆ శుక్రవారం వల్లేనని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

"నిజమా?" అని వంటింటి గుమ్మంలోకి వచ్చిన భార్యను అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

"నాకేమిటికి చెప్పలేదు?" ఆయన కూతురివైపు తిరిగాడు.

"చెప్తే మీరు తట్టుకోలేరని. తిడితే తిట్టనీలే అనుకున్నా." పల్లవి ఇక ఆపుకోలేకపోయింది. "కానీ ఇన్నాళ్ళు తిట్టినారప్పా... నేను మాత్రం ఎంతని పడేది?"

ఆ పిల్ల ఏడుస్తూ గుమ్మంలోనే కూలబడింది. వెంకటేశప్ప లేచి వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. కన్నబిడ్డను తన నోటితోనే ఊరందరి ముందూ చులకన చేశానన్న బాధ ఆయన్ని నిలువునా కోసేసింది.

"ఆ కుర్చీలో కూచున్నప్పుడు భయం కాలేదా తల్లీ?"

"అయింది."

"మరి లేసి వచ్చేసేది కదా!"

"ఫోన్‌లో మీరు నవ్వుతా ఉండారప్పా."

వెంకటేశప్ప రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని తెలిసినా పల్లవి కదల్లేదు, తండ్రి తలను తన భుజానికి ఆనించుకుంది. కాసేపటికి ఆయనే తేరుకుని, భుజం మీది తువ్వాలుతో కూతురి మొహం తుడిచాడు.

"పో తల్లీ" అన్నాడు. "వాళ్ళు ఈ పొద్దే రమ్మన్నారు కదా."