వావిలాకు నీళ్ళు

"ఈ కాగులో చెంబు ముంచిందెవరు?"

రత్నమాణిక్యం గొంతు పెరట్లోంచి వంటింట్లోకి వచ్చింది. పెనం మీద దోసె తిరగేస్తున్న సాయిదుర్గ చేయి ఆగింది. నాలుగేళ్ళ దేవిశ్రీ తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి తల్లి ముఖం చూసింది.

"నేనేనండీ అత్తయ్యా. దీని స్నానానికి రెండు చెంబులు తీసుకున్నాను. స్కూలు రిక్షా వచ్చేస్తుందని."

"అవి బాలింతకి కాచిన వావిలాకు నీళ్ళమ్మా! కాలవగట్టు నుంచి ఆకు కోయించి, తెల్లారకుండా లేచి కాచాను. చిట్టెమ్మ వచ్చే వేళైంది. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలీదండి. నా పురుటికి ఎవరూ కాయలేదు కదా."

దోసె మాడిన వాసన వచ్చింది. రత్నమాణిక్యం ఒక్క క్షణం తడబడింది.

"అప్పుడు చేపల చెరువు పట్టుబడి. ఇంటినిండా మనుషులు. కావాలని కాయలేదా ఏంటి? రెండు చెంబుల నీళ్ళకి ఎక్కడికి పోయావమ్మా నువ్వు!"

సాయిదుర్గ మాడిన దోసె తన పళ్ళెంలో వేసుకుని, కొత్త దోసె పోసింది.

ఆమె తల్లి చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేక తొలికాన్పు అత్తవారింట్లోనే జరిగింది. నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే రత్నమాణిక్యం పట్టుచీర కట్టుకుంది. "అన్నవరం వెళ్ళి నీ పేరున వ్రతం చేయించి వస్తాను. అంతా స్వామే చూసుకుంటాడు" అని కారెక్కింది. మామగారూ భర్తా భీమవరం నర్సింగ్ హోమ్ వరండాలో కాసేపు కూర్చుని చెరువు దగ్గరికి పోయారు. లోపల పదకొండు గంటలు సాయిదుర్గ మంచం ఇనుపకమ్మీ పట్టుకుని ఉంది. పట్టుకోవడానికి ఇంకేం దొరకలేదు. "లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా?" అని ఆయా కసిరింది. చీకటి పడ్డాక అత్తగారు ప్రసాదం తెచ్చి నోట్లో పెట్టింది. అది తియ్యగా ఉందని కూడా తెలియలేదు.

ఇప్పుడామెకి అయిదో నెల. ఆ నర్సింగ్ హోమ్‌లో ఈమధ్య కానుపు గదిలోకి ఒక ఆడమనిషిని రానిస్తున్నారు. "ఈసారి అమ్మ ఉంటుందిలే" అన్నాడు భర్త శ్రీనివాసరాజు, పేపరు లోంచి తల ఎత్తకుండానే.

చిట్టెమ్మ వచ్చి, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచు గీతికకి నూనె రాసి, నీళ్ళు పోసింది. ఒకప్పుడు ఆ ఊళ్ళో ఏ ఇంట్లో నొప్పులొచ్చినా చిట్టెమ్మే వెళ్ళి పక్కన కూర్చునేది. అందరూ ఆసుపత్రులకి పోవడం మొదలయ్యాక ఆమెకి బాలింత స్నానాలే మిగిలాయి. పసివాడికి సాంబ్రాణి పొగ వేస్తుండగా, గీతిక అత్తగారు రామచంద్రపురం నుంచి మనవణ్ణి చూడడానికి వచ్చింది.

"పిల్ల బాగా కష్టపడిందా వదినగారూ?" అంది ఆవిడ.

"అడక్కండి!" రత్నమాణిక్యం కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏడు గంటలు. దాని చెయ్యి వదల్లేదంటే నమ్మండి. నడుం రుద్దుతూనే ఉన్నాను. కన్నతల్లి పక్కనుంటే ఆ ధైర్యమే వేరు కదండీ."

కాఫీ గ్లాసులు తెస్తున్న సాయిదుర్గ గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద గీతిక కళ్ళు దించుకుంది. సాయిదుర్గ ట్రే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

వియ్యపురాలి కారు వీధి మలుపు తిరిగిందో లేదో, గీతిక పిలిచింది.

"అమ్మా, నా చెయ్యి పట్టుకున్నది నువ్వా?"

"ఏంటే ఆ అడగడం?"

"నేను ఒక్క కేక వేశాను. నువ్వు కానుపు గది గుమ్మంలోంచే వెనక్కి తిరిగావు. 'నువ్వెళ్ళమ్మా' అని వదినని తోశావు. అయిదో నెల మనిషి, ఏడు గంటలు నిలబడే ఉంది. తడిగుడ్డతో పెదాలు తుడిచింది. నేను కొరికితే కూడా చెయ్యి తియ్యలేదు. నీ చెయ్యి చూపించు వదినా."

ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చిన సాయిదుర్గ చేయి కొంగులో దాచుకుంది. మణికట్టు మీద పంటిగాట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"నడుం నొక్కడం నేనే ముందుగా చెప్పానండి కోడలమ్మగారికి. అరచేతి మడమ పెట్టి నొక్కాలని" అంది చిట్టెమ్మ, పసివాడి నడినెత్తిన ఆముదం అద్దుతూ.

"నిన్నెవరడిగారు?" అని గదమాయించింది రత్నమాణిక్యం.

"మరి వదిన కానుపప్పుడు లోపలెవరున్నారమ్మా?" గీతిక అడిగింది. "లోపల అదే అడిగాను. 'ఇనుపకమ్మీ' అని నవ్వింది. ఆ నవ్వు నాకు నొప్పులకంటే భయమేసింది."

"దాని కోసమే కదే కొండెక్కాను! ఉపవాసం ఉన్నాను!"

"నాకోసం కాదండి." అప్పటిదాకా గోడకానుకుని ఉన్న సాయిదుర్గ నెమ్మదిగా అంది. "నేను కోడల్నని వెళ్ళిపోయారనుకున్నాను ఇన్నేళ్ళూ. కూతురికైతే ఉంటారనుకున్నాను. మీరు దానికీ ఉండలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో ఇప్పుడు నాకు తెలీడం లేదు."

రత్నమాణిక్యం విసురుగా పెరట్లోకి వెళ్ళి కాగు బోర్లించింది. మిగిలిన వావిలాకు నీళ్ళన్నీ అరటిపాదుల్లోకి పోయాయి.

మధ్యాహ్నం మామగారు జగపతిరాజు, శ్రీనివాసరాజు భోజనాలకి కూర్చున్నారు. రత్నమాణిక్యం కూడా కూర్చుంది కానీ అన్నం కలపలేదు. గదిలో గీతిక వెల్లుల్లి కారంతో పథ్యం అన్నం తింటోంది. తలుపు తెరిచే ఉంది. సాయిదుర్గ మామగారికి పులుసు వడ్డించి గరిటె గిన్నెలో పెట్టింది.

"మామయ్యగారూ, ఒక మాటండి. నా కానుపుకి లోపలికి చిట్టెమ్మ వస్తుంది. డాక్టరమ్మ గారితో నేనే చెప్పుకుంటాను."

"చిట్టెమ్మా?" శ్రీనివాసరాజు ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఇంట్లో అమ్మ ఉండగా పనిమనిషిని తీసుకెళ్తావా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"పోయినసారి నేనొక్కదాన్నే ఉంటే ఊరేమీ అనుకోలేదండి. ఇప్పుడూ అనుకోదు."

"అది కాదు దుర్గా..."

"కమ్మీ పట్టుకుని రెండోసారి కనలేనండి. అంతే." ఆమె గొంతు పెరగలేదు. "అత్తయ్య గారు ఎప్పట్లాగే అన్నవరం వెళ్ళి రావచ్చు."

ఆ మాట పళ్ళెంలో రాయిలా పడింది. జగపతిరాజు భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఎదురు చెప్పకుండా తలదించుకోవడం ఆయన చూడలేదు.

"నాకు భయమమ్మా" అంది రత్నమాణిక్యం చివరికి. కన్నీళ్ళు తినని అన్నంలో పడుతున్నాయి. "వీణ్ణి కన్నప్పుడు పక్క మంచం మీద ఒక పిల్ల కేకలు పెట్టి పెట్టి నా కళ్ళముందే పోయింది. ఆ కేక వింటే నా కాళ్ళు నిలవవు. దేవుడని చెప్పి పారిపోయాను."

గదిలో గీతిక తినడం ఆపింది.

సాయిదుర్గకి జాలి కలిగింది. ఆ జాలి వెనకాలే పదకొండు గంటలూ గుర్తొచ్చాయి. ఆ రెంటిలో ఏదీ తగ్గలేదు.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే, చిట్టెమ్మని అప్పుడే పిలుచుకునేదాన్ని కదండీ."

రత్నమాణిక్యం కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చిట్టెమ్మనే తీసుకెళ్ళు. నేను కొండకి వెళ్ళను. వరండాలో కూర్చుంటాను. కేకలు వినపడినా కూర్చుంటాను. రానా?"

సాయిదుర్గ అత్తగారి పళ్ళెంలో చల్లారిన అన్నం తీసేసి, వేడన్నం పెట్టి, పులుసు పోసింది.

"వరండా దాకా రండి" అంది.