మూడో సబ్జెక్టు

ఉదయం ఎనిమిదింటికి వంటింటి బల్ల మీద, కాఫీ గ్లాసుల పక్కన, కాలేజీ ఫారం పరిచి ఉంది. కూతురు అప్పటికే రెండు గళ్ళు నింపేసింది. మూడోది ఇంకా ఖాళీగానే ఉంది.

తండ్రి లిఫ్టు మెకానిక్. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నిలబడే కాఫీ తాగుతున్నాడు. ఇంట్లో పండు అని పిలుచుకునే ఈ పిల్ల, డిగ్రీలో మతాల అధ్యయనం చదువుతానన్న రోజు నుంచి ఆయన వారం పాటు ముభావంగా తిరిగాడు. తోటి మెకానిక్కులు "ఏంటన్నా, పిల్ల సన్యాసుల్లో కలుస్తుందా?" అని ఆటపట్టిస్తే నవ్వలేకా ఏడవలేకా ఊరుకున్నాడు. బళ్ళో టీచరు ఉద్యోగానికి పనికొచ్చే సబ్జెక్టు కూడా తీసుకుంటానని పిల్ల మాటిచ్చాకే మెత్తబడ్డాడు. ఇప్పుడు రెండో ఏడాది. తనకు నచ్చిన మూడు సబ్జెక్టులు ఎంచుకుని, ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటిలోపు ఫారం ఇచ్చేయాలి.

"మొదటిది మత గ్రంథాల భాష. రెండోది మతమూ చట్టమూ. మూడోది బోధనా పద్ధతులే కదా?" అన్నాడు ఫారం మీదికి వంగి.

పండు గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పింది. "కాదు నాన్నా. 'రోగులకు తోడు' అని ఒకటుంది."

"అంటే?"

"ఇక కోలుకోరని తెలిసినవాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఎవరు ఏం నమ్ముతారో తెలుసుకుని, దానికి తగ్గట్టు మాట్లాడాలి. వారానికి రెండు పూటలు ఆసుపత్రిలో. వార్డులోకి వెళ్ళాలి కాబట్టి ఇంట్లోవాళ్ళ సంతకం కావాలంట."

ఆయన గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. పొయ్యి దగ్గరున్న తల్లి వెనక్కి తిరిగి చూసింది.

"నేను పెట్టను."

"ఎందుకో చెప్పు."

"ఇరవై ఏళ్ళు నిండలేదు నీకు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మంచాల దగ్గర నీకేం పని? టీచరునవుతానని మాటిచ్చావా లేదా?"

"ఇచ్చాను. తప్పుతున్నాను. ఒప్పుకుంటున్నా కదా."

"విన్నావా దీని మాటలు?" అన్నాడు భార్య వైపు తిరిగి. "నువ్వైనా చెప్పవేం?"

"నేను చెబితే వినేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు గనక," అంది తల్లి. "ఇద్దరిదీ ఒకటే మొండితనం."

పండు గొంతు తగ్గించింది. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు భయపడకూడదని, తలుపు బయట నిలబడి గంటలకొద్దీ కబుర్లు చెబుతావు. నేను చేయాలనుకునేదీ అలాంటిదే నాన్నా."

"వాళ్ళు బయటికొస్తారు. వీళ్ళు రారు." తన గొంతులోని కరుకుదనం ఆయనకే వినిపించింది.

"నానమ్మ దగ్గర కూర్చున్నప్పుడు నాకేం మాట్లాడాలో తెలియలేదు. అందుకే నేర్చుకుంటానంటున్నా."

ఆయన సంచీ పట్టీ భుజం మీదికి ఎగలాక్కున్నాడు.

ఆయన తల్లి పోయి రెండేళ్ళయింది. ఆ మధ్యాహ్నాన్ని ఆయన ఒక్క రోజు కూడా మరిచిపోలేదు. ఆసుపత్రి మంచం మీద ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, "నేనెక్కడికి పోతాన్రా? అక్కడ చీకటిగా ఉంటుందా?" అని అడిగింది. డాక్టరుతో మాట్లాడొస్తానని పండుతో చెప్పి బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడ్డాడు. గంట తర్వాత వెళ్ళేసరికి ఆమె కన్నుమూసింది. అమ్మ నిద్రలోనే పోయిందని చుట్టాలందరికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా తనూ నమ్మేశాడు.

"నానమ్మ నిద్రలో పోయింది," అన్నాడు ఇప్పుడు కూడా.

"లేదు నాన్నా. నువ్వు వెళ్ళాక చాలాసేపు మెలకువగానే ఉంది. నన్నూ అదే అడిగింది. నోటికొచ్చిందల్లా చెప్పాను. పెద్ద తోట ఉంటుందన్నాను, తాతయ్య కనబడతాడన్నాను. 'తెలియకపోతే తెలియదను తల్లీ, ఏం ఫర్లేదు' అంది. అలా అన్నాక ఇంక నాకు మాట రాలేదు. అసలు తనేం అనుకుంటోందో అడగాలని కూడా తోచలేదు నాకు."

ఆయన సంచీ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. కాసేపటికి దానంతట అదే ఆగిపోయింది.

"నా గురించి అడిగిందా?"

తల్లి వంక చూసింది పండు. తల్లి పొయ్యి ఆపేసి, చెప్పమన్నట్టు తలూపింది.

"అడిగింది. 'మీ నాన్న ఎక్కడో మెట్ల మీద కూర్చుని ఉంటాడు. వెళ్ళి పిలవకు' అంది. 'వాళ్ళ నాన్న పోయినప్పుడూ అంతే, అప్పుడు ఇంత పిల్లాడు, మెట్ల మీదే కూర్చున్నాడు. వాడు ఏడుస్తుంటే ఎవరూ చూడకూడదు వాడికి. కాసేపు ఉండనీ' అంది."

"కోపంగా అందా?"

"నవ్వుతూ అంది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నానమ్మ ఊసెత్తితే లేచి వెళ్ళిపోతావుగా."

అది నిజమే. ఇప్పుడు కూడా ఆయన చేతులు కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి, లేవడానికే. కానీ లేవలేదు. భార్య, కూతురు చూస్తుండగానే భోరున ఏడ్చాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో భార్య ఆయన్నలా చూడడం అదే మొదలు. ఆమె దగ్గరికొచ్చి, ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

చాలాసేపటికి ఆయన మొహం తుడుచుకుని ఫారం దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు.

"ఏ రోజులు?"

"మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు."

"బస్సులో వద్దు. నేను దింపుతాను." సంతకం చేశాడు. చివరి అక్షరం గీత దాటిపోయింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీసి, "అరగంట ఆలస్యమవుతుంది. ఇంటి దగ్గర పనుంది," అని పెట్టేశాడు.

తర్వాత కుర్చీ పండు వైపు తిప్పుకున్నాడు.

"ఆరోజు మా అమ్మ ఇంకా ఏమేం అందో చెప్పు," అన్నాడు. "నేను బయటికి వెళ్ళిన దగ్గర్నుంచి. ఏదీ వదలకుండా."