దూరంగా ఉంటే చాలనుకున్నాడు

"పెళ్ళయ్యాక ఇక్కడ మాత్రం ఉండం," అన్నాడు గ్యారెట్, ఆపిల్ స్ట్రూడెల్ రెండో ముక్క అందుకుంటూ.

తోంకా వాళ్ళ నాన్న పెరో లాసిచ్ ఫోర్కు కింద పెట్టాడు. వాట్సన్‌విల్‌లో ఆయనది మూడు తరాల ఆపిల్ తోట. కాబోయే అల్లుడేమో భూకంపాల మీద పరిశోధన చేసే కుర్రాడు.

"ఏం, మా ఊరికేం రోగం?"

"ఆ కొండల కింద భూమి పగులుందండీ. అది కదిలితే ముందు మీ ఇల్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలో నా ఫ్లాట్ ఇక్కడికి చాలా దూరం. దూరం పెరిగేకొద్దీ ఊపు తగ్గుతుంది. దానికి లెక్కుంది."

"ఆ లెక్కలో నేనెక్కడున్నాను?" అంది తోంకా.

"నిన్ను కాపాడదామనేగా!"

"నన్నడిగావా? మా నాన్న ముందే మా ఇంటికి పాడె కడతావా? స్ట్రూడెల్ పెట్టిన చేత్తోనే నిన్ను మొట్టాలి."

అక్కడ నవ్వేస్తే సరిపోయేది. ఆ మొండిఘటం నాప్కిన్ మీద గ్రాఫ్ గీయబోయాడు. తోంకా వాకిలి దాకా కూడా రాలేదు. అవతలివాళ్ళే ముందు ఫోన్ చెయ్యాలని ఇద్దరూ బింకంగా కూర్చున్నారు. ఎన్ని మంచి సాయంత్రాలు అలా పాడుచేసుకున్నారో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

1989 అక్టోబరులో ఒక సాయంత్రం నేల ఊగింది. గ్యారెట్ అప్పుడు యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉన్నాడు. కదిలింది తోంకా వాళ్ళ కొండలేనని తెలియగానే ఫోన్ అందుకున్నాడు. ఫోన్లు పనిచెయ్యలేదు. కారు తీసి బయల్దేరాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇళ్ళు కూలాయని రేడియోలో చెప్పారు. అతని పేట పేరు కూడా చెప్పారు. 'పోతే పోనీ, నా ఫ్లాట్‌లో ఎవరున్నారు గనక' అనుకున్నాడు. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడంతో చుట్టూ తిరిగి వాట్సన్‌విల్ చేరేసరికి తెల్లారింది.

పెరో చెట్ల మధ్య స్టవ్ పెట్టుకుని కాఫీ కాస్తున్నాడు. వెనక ఇంటి పొగగొట్టం కూలిపోయి ఉంది.

"తోంకా ఏదండీ?"

ఆయన లేచి కారులోకి తొంగిచూశాడు. "నీతో రాలేదా? నిన్న మధ్యాహ్నం నీ దగ్గరికే బయల్దేరింది కదయ్యా! వాడొచ్చేసరికి వంట చేసి పెడతాను, ఇంక చాలు ఈ పోట్లాట అంది."

గ్యారెట్ మళ్ళీ కారు వైపు పరిగెత్తాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆసుపత్రిలో తోంకా దొరికింది. ఎడమ కాలికి తొడ దాకా కట్టు ఉంది.

"ఎక్కడ చచ్చావు?" అంది అతన్ని చూడగానే.

"మీ ఊళ్ళో. నీకోసం."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "అంత దూరంలో నీ ఇల్లెలా కూలింది, లెక్కల మాస్టారూ?"

"అక్కడి నేల మెత్తన. అదొక్కటే కాదనుకుంటా. భూమి లోపలికి దిగిన అలలు చాలా లోతున పైపొర అడుగుకి తగిలి వెనక్కి తిరుగుతాయి. అవి ఇంత దూరాన బలంగా పైకొస్తాయి. నేనది లెక్కలో వెయ్యలేదు."

"అది వెయ్యలేదు సరే. నన్ను కూడా వెయ్యలేదుగా? రేడియోలో మీ పేట పేరు విన్నప్పుడైనా, తోంకా వచ్చుంటుందేమోనని తట్టలేదా?"

"తట్టలేదు."

"నన్ను బయటికి లాగినవాళ్ళు ఆసుపత్రికి పదమంటే, ఆగండి, వాడొస్తాడు అన్నాను. ఎంతసేపని ఆగుతారు!" అని గోడవైపు తిరిగింది. "ఇంక మా వాళ్ళతో కలిసి కోలో డాన్సు ఆడలేనట, గ్యారెట్. డాక్టరు చెప్పాడు."

గ్యారెట్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

వసంతంలో పెళ్ళయింది. విందులో అందరూ చేతులు కలిపి గుండ్రంగా కోలో ఆడుతున్నారు. పెరో అల్లుణ్ణి రమ్మని కేకేశాడు.

"వెళ్ళు, మా నాన్న పిలుస్తున్నాడు," అంది తోంకా కుర్చీలోంచి.

"వెళ్ళను. నువ్వెక్కడుంటే నేనూ అక్కడే."

"ఆ రోజూ అలాగే అనుకుని బయల్దేరావు, పాపం," అని అతని బుగ్గ గిల్లింది. పాట అయ్యేదాకా ఆమె చూపు మాత్రం ఆడుతున్నవాళ్ళ కాళ్ళ మీదే ఉంది.